మూడు గంటల వేళ పిల్లవాడి చెంత ఎవరు?

ప్రహ్లాద చరిత్రను తలచుకొన్నప్పుడు మన మనస్సు నేరుగా స్తంభం దగ్గరకే పరుగెత్తుతుంది. హిరణ్యకశిపుని గర్జన, ఆ సంధ్యాసమయం, ఆ గడప, నారసింహావిర్భావం - హరికథకులు సైతం అక్కడికి వచ్చేసరికే గజ్జెల మోత పెంచుతారు. అంతకు ముందు ఒక చిన్న సన్నివేశం ఉంది. చండామార్కులు తమ గృహకృత్యాల నిమిత్తం బడి విడిచి వెళ్లిన వేళ దైత్యబాలురు ప్రహ్లాదుని ఆటకు పిలుస్తారు. అయిదేళ్ల ఆ బాలుడు వారిని కసరుకోడు. దయతో దగ్గరకు పిలిచి, నవ్వుతూ మాట్లాడతాడు. ఆ పిల్లలు ఆటవస్తువులు పక్కన పడవేసి ఆయన చుట్టూ చేరి కూర్చుంటారు. సప్తమ స్కంధంలోని ఒక మహోపదేశం ఆ విధంగా, గురువులు లేని విరామ సమయంలో, ఒక పిల్లవాడి నోట తోటి పిల్లలకు అందింది.

గురువు వెళ్లిపోయి తల్లి ఇంకా రాని ఆ ఘడియను గురించే ఈనాటి ముచ్చట.

అమెరికా మహానగరాల నడిబొడ్డున ఉన్న పేదపేటలలో ఆ ఘడియ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. బడి వదిలిపెడతారు. తల్లి పనినుంచి తిరిగి వచ్చేసరికి ఆరవుతుంది. రెండో ఉద్యోగం కూడా చేసే తల్లి అయితే ఇంకా పొద్దుపోతుంది. కొన్ని ఇళ్లలో తండ్రి చెరసాలలో ఉంటాడు, కొన్నింట అసలే కనిపించడు. అమ్మమ్మో నాయనమ్మో ఉన్న ఇల్లు అదృష్టానికి నోచుకొన్న ఇల్లు. ఆ మూడు గంటలూ పిల్లవాడికి వీధే దిక్కు. ఆ వీధిలోనూ అతణ్ణి ఆటకు రమ్మని పిలిచేవారు ఉంటారు. కాకపోతే ఆ మూలమీద నిలబడి మత్తుమందు పొట్లాలు చేతులు మార్చే కుర్రవాళ్ల ఆట వేరు.

ఆ ఘడియలో ఆ వీధిలో నిలబడడానికి అక్కడి క్రైస్తవ సేవాసంస్థలు కొన్ని యువతీయువకులను ఇంటర్న్‌షిప్ పేరిట ఒక వేసవికో, ఒక ఏడాదికో పిలుచుకొంటాయి. జీతం ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. చదువు ముగించుకొన్న పిల్లలు ఉద్యోగంలో చేరకముందు ఆ ఏడాదిని అక్కడ ఇచ్చివేస్తారు. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగింటి అమ్మాయి ఒకరు ఫోన్ చేసి, ‘నాన్నగారూ, ఈ వేసవి అక్కడి పిల్లలకు చదువు చెప్పడానికి వెళతాను’ అన్నదనుకోండి. ఆ ఇంట్లో ఏమవుతుంది? అమ్మ దేవుడి గది వైపు చూస్తుంది. నాన్నగారు, ‘సేవ చేయడానికి మన గుడి లేదా?’ అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే దానికి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలంటే ఆ పిల్ల వెళతానంటున్న చోటు ఎటువంటిదో ముందు తెలియాలి.

ఒక ఊరిని తీసుకొందాం. న్యూజెర్సీ రాష్ట్రంలో, డెలావేర్ నదికి ఇవతలి ఒడ్డున కామ్‌డెన్ అనే నగరం ఉంది. అవతలి ఒడ్డున ఫిలడెల్ఫియా. కామ్‌డెన్ పేరు వినని వారికి కూడా దాని గుర్తు ఒకటి పరిచయమే. గ్రామఫోను గరాటా ముందు చెవి రిక్కించి కూర్చున్న తెల్ల కుక్కపిల్ల బొమ్మ మన పాత హెచ్.ఎం.వి. రికార్డులపై ఉండేది కదా. పండుగపూట భక్తిగీతాలు వినడానికి తాతగారు తీసే రికార్డు నడిమధ్య అదే కుక్కపిల్ల గిరగిరా తిరిగేది. అమెరికాలో ఆ గుర్తుతో రికార్డులు తయారుచేసిన విక్టర్ సంస్థ 1901లో ఈ కామ్‌డెన్‌లోనే పుట్టింది. క్యాంప్‌బెల్ సూపుల కర్మాగారం ఇక్కడిదే. న్యూయార్క్ షిప్‌బిల్డింగ్ అనే నౌకానిర్మాణశాల, పేరు న్యూయార్క్‌ది అయినా, ఉన్నది ఈ ఊళ్లోనే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ముప్పై వేలకు పైగా కార్మికులు అక్కడ పనిచేశారు. మహాకవి వాల్ట్ విట్మన్ చివరి ఏళ్లు ఇక్కడే గడిపి 1892లో ఇక్కడే కన్నుమూశాడు.

అంతటి ఊరు ఒకే తరంలో ఖాళీ అయింది. నౌకాశాల 1967లో మూతపడింది. 1971లో పోలీసుల దెబ్బలకు ఒక ప్యూర్టోరికో దేశీయుడు మరణించగా అల్లర్లు చెలరేగి వీధులకు వీధులు తగులబడ్డాయి. సూపు కర్మాగారం 1990లో ఆగిపోయింది; కార్యాలయం మాత్రం నిలిచింది. డబ్బున్నవారు, వారిలో అత్యధికులు తెల్లవారు, చుట్టుపక్కల తోటలున్న పల్లెపట్టులకు తరలిపోయారు. 1950లో 1,24,000 దాటిన జనాభా 2020 నాటికి 72,000 లోపుకు పడిపోయింది. మిగిలిపోయినవారు అధికంగా నల్లజాతివారూ, స్పానిష్ మాట్లాడే కుటుంబాలవారూ. 2012లో ఆ చిన్న ఊళ్లో ఒక్క ఏడాదిలో 67 హత్యలు జరిగాయి. మరుసటి ఏడు నగర పోలీసుశాఖనే రద్దుచేసి జిల్లా యంత్రాంగానికి అప్పగించారు. ఆ తరువాతి సంవత్సరాలలో హత్యలు బాగా తగ్గుముఖం పట్టాయి. ఆ మాట కూడా చెప్పుకోవడం ధర్మం. ఆ ఊరిని నరకంగా చిత్రించి చందాలు పోగుచేయడం ఆ ఊరివారికి ఎంతమాత్రం ఇష్టం ఉండదు.

ఇటువంటి చోట పిల్లలకోసం చర్చిలు పనిచేయడం కొత్త కాదు. దీని మూలం 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో ఉంది. రాబర్ట్ రెయిక్స్ అనే ఆయన అక్కడ ఒక వార్తాపత్రికను నడిపేవాడు (పత్రికలవారు కూడా అప్పుడప్పుడు మంచిపనులు చేస్తారనడానికి ఇదొక దాఖలా). ఆరు రోజులూ కర్మాగారాలలో మగ్గి, సెలవు దొరికిన ఆదివారంనాడు వీధుల్లో కొట్లాడుకొనే పిల్లలకు ఆయన ఆ ఒక్కరోజు బడి పెట్టించాడు. చదవడం నేర్పడమే తొలి పని. చదువుకోవడానికి చేతికిచ్చిన పుస్తకం బైబిలు. ఆదివారం బడి అన్న మాట అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది.

రెండు వందల ఏళ్ల తరువాత, 1980లో, బిల్ విల్సన్ అనే పాస్టరు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ చేరి బుష్‌విక్ పేటలో ఆ బడిని మరో రూపంలో మొదలుపెట్టాడు. 1977 జూలైలో న్యూయార్క్ అంతటా కరెంటు పోయిన రాత్రి దోపిడులకూ మంటలకూ ఆహుతి అయిన పేట అది. విల్సన్ తన కథ తానే అనేక వేదికలపై చెప్పుకొన్నాడు: పన్నెండేళ్ల వయసులో కన్నతల్లి ఒక వీధి మూలన కూర్చోబెట్టి వెళ్లి తిరిగి రాలేదనీ, మూడు రోజులు అక్కడే కూర్చున్న తనను దారినపోయే ఒక క్రైస్తవుడు చేరదీశాడనీ. ఆ పిల్లవాడే పెద్దవాడై, పక్క తలుపు కిందికి దింపితే వేదికగా మారే లారీలను పేట పేటకూ తిప్పాడు. పాటలు, ఆటలు, బొమ్మలాటలు, ఒక కథ. మన వీధి భాగోతాల బండి గుర్తుకు వస్తే తప్పు లేదు.

లారీ చూడముచ్చటగా ఉండవచ్చు. నన్ను ఆకర్షించింది మాత్రం అది కాదు. బడికి వచ్చిన ప్రతి పిల్లవాడి ఇంటికీ వారానికి ఒకసారి ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టాలన్నది అక్కడి నియమం. అయిదో అంతస్తు, పనిచేయని లిఫ్టు, చీకటి మెట్లు. పైకెక్కి, తలుపు తట్టి, పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచి, రెండు మాటలు మాట్లాడి దిగి రావాలి. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన యువకులకు ఒప్పజెప్పే ముఖ్యమైన పని అదే. సంస్థ ఇప్పుడు మెట్రో వరల్డ్ చైల్డ్ పేరుతో ఇతర దేశాలకూ విస్తరించింది. బుష్‌విక్ కూడా మారిపోయింది. అద్దెలు పెరిగి, ఆనాటి పేదకుటుంబాలు ఎన్నో అక్కడినుంచి కదలిపోవలసి వచ్చింది.

తిరిగి కామ్‌డెన్ వద్దాం. బ్రూస్ మెయిన్ అనే యువకుడు 1988లో ఇక్కడ అర్బన్ ప్రామిస్ అనే సంస్థను ప్రారంభించాడు. బడి తరువాతి శిబిరాలు, వేసవి శిబిరాలు, అనంతరం ఒక చిన్న ఉన్నత పాఠశాల - ఇలా అది పెరిగింది. దేశదేశాలనుంచి ఇంటర్న్‌లు వచ్చి ఆ ఊళ్లోనే, ఒకే ఇంట కలిసి ఉండి పనిచేస్తారు. ఇటువంటి సేవలో ఒక రోజు ఎలా గడుస్తుందో స్థూలంగా చెప్పవచ్చు. ఉదయం పాఠాలు సిద్ధం చేసుకోవడం, సరుకులు తేవడం. మూడు గంటలకు బడి గేటు ముందు నిలబడడం. పిల్లలను వరుసగా నడిపించుకొంటూ చర్చి హాలుకు తేవడం. ముందు ఏదైనా తినడానికి పెట్టడం, ఎందుకంటే బడిలో మధ్యాహ్నం పెట్టినదే కొందరికి ఆ రోజు కడుపునిండా దొరికిన తిండి. తరువాత ఇంటి లెక్కలు, చదివించడం, ఆట, పాట, ఒక బైబిలు కథ. ఆరు గంటలకు ఎవరి గుమ్మం దగ్గర వారిని దింపడం. రాత్రి పంచుకొన్న ఇంట్లో పంచుకొన్న భోజనం, పాత్రలు కడిగే వంతు ఎవరిదన్న చిన్న తగవు. ఇందులో ఘనకార్యం ఎక్కడా కనిపించదు. ఏడేళ్ల పిల్లకు తీసివేతలో అప్పు తేవడం నలభైసార్లు చెప్పడం, నలభై ఒకటోసారి కూడా విసుగు కనబడకుండా చెప్పడం - ఉన్నది ఇంతే.

ఈ ఇంటర్న్‌లలో చాలామంది తమ తిండి ఖర్చు తామే సమకూర్చుకోవాలి. బంధువులకూ, తమ చర్చివారికీ ఉత్తరాలు రాసి నెలకింత అని అడుగుతారు. మంచి జీతం తెచ్చిపెట్టే పట్టా చేతిలో ఉండగా చేయి చాచడమేమిటని మనవాళ్లు ఆశ్చర్యపోవచ్చు. కానీ వారాలు చేసుకొని చదివిన తాతల మనవలం మనం. సోమవారం కరణంగారింట, మంగళవారం పంతులుగారింట విస్తరి వేయించుకొని వేదం చదివినవారి చరిత్ర మన ఇళ్లలో ఇంకా చెప్పుకొంటూనే ఉన్నాం. మధూకరం ఎత్తి విద్య నేర్చిన కులపతులు మనకు వందనీయులు. అడిగి తినడం వలన అహంకారం కరుగుతుందని మన పెద్దలు బ్రహ్మచారి చేత భిక్ష ఎత్తించారు. ఉపనయనం నాడు తల్లి బియ్యం పోసి ముగించే ఆ తంతుకు అసలు రూపం ఎలా ఉండేదో ఈ పిల్లలు మనకు గుర్తుచేస్తున్నారు.

కామ్‌డెన్ సంస్థలో మరొక ఏర్పాటు ఉంది. ఆ పేటలోనే పెరిగిన ఉన్నత పాఠశాల వయసు పిల్లలను జీతమిచ్చి చిన్నపిల్లలకు గురువులుగా పెట్టుకొంటారు. వారిని స్ట్రీట్ లీడర్లు అంటారు. వీధి మూలన నిలబడే కుర్రవాడికీ ఇతనికీ వయసులో తేడా లేదు, పేటలో తేడా లేదు. తేడా అల్లా ఇతని చేతిలో లెక్కల పుస్తకం ఉంది, నెల తిరిగేసరికి న్యాయంగా సంపాదించిన డబ్బు ఉంది. చిన్నవాడు ఎవరిని చూసి ఎదుగుతాడు? ఎక్కడినుంచో ఏడాదికని వచ్చిన అన్నయ్యను చూసి కాదు, తన వీధి అన్నయ్యను చూసి. దైత్యబాలురకు నారదుడే స్వయంగా వచ్చి చెప్పి ఉంటే వారు అంత శ్రద్ధగా వినేవారా అన్నది నా అనుమానం. తమలో ఒకడు, తమతో బంతి ఆడేవాడు చెప్పాడు గనుకనే ఆటవస్తువులు కింద పెట్టారు. అదే సంస్థ ఈ పెద్దపిల్లల చేత చెక్కపడవలు కూడా చేయిస్తుంది. వేలమంది నౌకలు కట్టిన ఊళ్లో, ఆ నౌకాశాల పేరు కూడా ఎరుగని మనవలు, చెక్కను వంచి పడవకు పక్కబద్దలు అమరుస్తారు. తరువాత ఆ పడవనే నదిలో దింపుకొని తెడ్డు వేస్తారు.

ఇక మన అమ్మాయి ప్రశ్నకు రావాలి. మతమార్పిడి మాట ఎత్తకుండా ఈ విషయం మాట్లాడడం పాఠకుల పట్ల మర్యాద కాదు.

ముందుగా ఒక సంగతి. కామ్‌డెన్, బ్రూక్లిన్ పేటలలోని పిల్లలు అధికభాగం క్రైస్తవ కుటుంబాలలో పుట్టినవారే. వారి అమ్మమ్మ ఆదివారం చర్చిలో పాడే మనిషే. వారికి చెప్పే బైబిలు కథ మన పిల్లలకు మనం చెప్పే బాలరామాయణం వంటిది. మన పల్లెల్లో ఎదురయ్యే ఘర్షణను యథాతథంగా ఆ వీధికి ఎత్తుకుపోతే అక్కడ జరుగుతున్నది మనకు అర్థం కాదు.

అయితే అన్నిచోట్లా అలాగే ఉండదు. భూటాన్ నుంచి వెళ్లగొట్టబడి నేపాల్ శిబిరాలలో ఏళ్ల తరబడి మగ్గిన నేపాలీ భాషీయులను 2008 నుంచి అమెరికా తన నగరాలలో పునరావాసం కల్పించి చేర్చుకొంది. ఎనభై వేలకు పైగా వచ్చారు. వారిలో అధికులు హిందువులు. భాష రాదు, చలి తెలియదు, బస్సు ఎక్కడం తెలియదు. వారి పిల్లలకు ఇంగ్లీషు నేర్పిందీ, దుప్పట్లు తెచ్చిందీ, ఆసుపత్రికి కారులో తీసుకువెళ్లిందీ చాలాచోట్ల పక్కవీధి చర్చివారు. కొన్ని కుటుంబాలు కాలక్రమేణా ఆ చర్చిలోనే చేరిపోయాయి. దీనికి కోపగించుకొనేవారున్నారు. కథ విననిదే పళ్లెం ఇవ్వమని ఏ సంస్థ అన్నా ఆ కోపం ధర్మమే. ఆకలిగొన్న పిల్లవాడి చేతికి అన్నంతో పాటు షరతు అందించడం ఏ మతంవారు చేసినా తప్పే. కానీ దుప్పటి తెచ్చినవాణ్ణి ఎందుకు తెచ్చావని నిలదీసే ముందు, అదే నగరంలో మన దేవాలయం ఉందా, ఉంటే అక్కడినుంచి ఎవరు వెళ్లారు అన్న విచారణ కూడా జరగాలి. కొన్నిచోట్ల మనవాళ్లు వెళ్లారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. అన్నిచోట్లా వెళ్లలేదు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. మార్గరెట్ నోబుల్ 1867లో ఐర్లండులో జన్మించింది. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఆమె వివేకానందస్వామి పిలుపు అందుకొని కలకత్తా వచ్చి నివేదిత అయింది. 1898 నవంబరులో కాళీపూజ దినాన బాగ్‌బజారులో ఆడపిల్లల బడి తెరిచింది. శారదామాత స్వయంగా వచ్చి ఆశీర్వదించింది. మరుసటి ఏడు ప్లేగు వ్యాపించినప్పుడు చీపురు పట్టి ఆ వీధులు ఊడ్చింది. ఆనాటి బాగ్‌బజారు గృహస్థుల స్థానంలో మనలను ఊహించుకోండి. ఒక దొరసాని, పాస్టరుగారి కూతురు, మన గల్లీలో ఇల్లు తీసుకొని మన ఆడపిల్లలను పంపమంటుంది. ఎంత అనుమానం కలిగి ఉంటుంది! ఆమె ఆ అనుమానాన్ని వాదించి పోగొట్టలేదు. ఆ వీధిలోనే కాపురముండి, వారి ఆచారాలను గౌరవించి, ఆ పిల్లలను వారి సంప్రదాయంలోనే నిలబెట్టి చదువు చెప్పింది. ఆమె చేసినది ఇవ్వడం. బదులుగా ఆ పిల్లల దేవుణ్ణి అడగలేదు.

నివేదిత ఆనాడు దాటి వచ్చిన వాకిలినే మన అమ్మాయి ఈనాడు ఎదుటి దిక్కునుంచి దాటబోతున్నది. ఆమెను వద్దనడానికి నాకు నోరు రాదు. అయితే ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఈ సంస్థలలో పెక్కు తమ ఇంటర్న్‌ల చేత ఒక విశ్వాస ప్రకటనపై సంతకం చేయించుకొంటాయి. బైబిలు పాఠం చెప్పడం, సామూహిక ప్రార్థన నడపడం వారి విధులలో భాగం. అది వారి ఇల్లు, వారి నియమం. అందులో మోసం ఏమీ లేదు. మోసం జరిగేది మన పిల్ల లోపల నమ్మకుండా పైకి సంతకం చేసినప్పుడు. సేవ ఎంత పవిత్రమైనదైనా అసత్యంతో ఆరంభిస్తే, ఆ ఏడేళ్ల పాపకు కథ చెప్పే వేళ ఆ అసత్యం గొంతులో అడ్డుపడుతుంది. పిల్లలు దానిని ఇట్టే పసిగడతారు. ‘నేను హిందువును, లెక్కలు బాగా చెప్పగలను, వారానికి మూడు సాయంత్రాలు వస్తాను’ అని ముందే చెప్పి చదువు చెప్పడానికి మాత్రం చేరడానికి వీలుంటుందేమో అడగమనండి. స్వచ్ఛంద సేవకులను అలా తీసుకొనే శిబిరాలు ఉంటాయి. కాదంటే కాదంటారు, అప్పుడు మరొక చోటు వెతుక్కోవచ్చు. తల్లిదండ్రులు కూడా, ఆ పిల్ల పేదపిల్లలను చూసి కరిగిందా లేక మతం మారబోతున్నదా అని గుచ్చి గుచ్చి అడిగే బదులు, ఆ దరఖాస్తు కాగితం తెప్పించుకొని ఆమెతో కూర్చుని చదవడం మేలు. ఇంట దీపారాధన చూసి పెరిగిన పిల్ల, అన్యమతస్థుల వంటింట్లో పిల్లలకు రొట్టెముక్కలపై వెన్న రాసినంత మాత్రాన ఆ దీపం కొండెక్కిపోతుందని భయపడితే, లోపం ఆ వంటింటిలో లేదు.

ఈ ఇంటర్న్‌షిప్‌లను నేను ఆకాశానికెత్తడం లేదు. వాటిలో ఒక గాయం ఉంది. జూన్‌లో వచ్చిన అక్క ఆగస్టులో వెళ్లిపోతుంది. పిల్లవాడు ఏడుస్తాడు. వచ్చే జూన్‌లో మరో అక్క. మూడో ఏడు వచ్చేసరికి వాడు ఏడవడం మానేస్తాడు. పేరు కూడా అడగడు. ఇళ్లలోనే మనుషులు వెళ్లిపోవడం చూసిన పిల్లలకు ఇది ఇంకొక వెళ్లిపోవడం. వచ్చినవారు ఫొటోలతో, జీవితాంతం చెప్పుకోవడానికి ఒక అనుభూతితో తిరిగి వెళతారు. అందుకే వారానికోసారి తలుపు తట్టే నియమమూ, ఊరి పిల్లలనే గురువులను చేసే ఏర్పాటూ నాకు లారీలకంటే, కొండంత శిబిరాలకంటే విలువైనవిగా తోస్తాయి.

ఈ లోపాన్ని మనకంటే ముందు, మనకంటే కఠినంగా ఎత్తిచూపినవారు క్రైస్తవులే. జాన్ పెర్కిన్స్ మిసిసిపీ రాష్ట్రంలో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టి, మూడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. 1946లో ఆయన అన్నను ఒక పోలీసు అధికారి కాల్చి చంపాడు. ప్రాణభయంతో కాలిఫోర్నియాకు వెళ్లి, అక్కడ నిలదొక్కుకొని, 1960లో తిరిగి అదే మిసిసిపీకి వచ్చి పిల్లల మధ్య పని మొదలుపెట్టాడు. 1970లో బ్రాండన్ చెరసాలలో ఆయనను చావుదెబ్బలు కొట్టారు. ఆయన బోధలో మొదటి సూత్రం సేవ చేయదలచిన పేటకు కాపురం మారాలన్నది. కారులో వచ్చి కారులో పోయే సేవను ఆయన సేవగా లెక్కించలేదు. అట్లాంటాలో దశాబ్దాలు పనిచేసిన రాబర్ట్ లప్టన్ 2011లో ‘టాక్సిక్ చారిటీ’ అనే పుస్తకం ప్రచురించాడు. క్రిస్మస్‌కు దాతలు బొమ్మలు మోసుకొని పేద ఇళ్లకు వచ్చినప్పుడు ఏం జరిగేదో ఆయన స్వయంగా గమనించాడు: పిల్లలు గంతులు వేసేవారు, తల్లి మర్యాదకు నవ్వేది, తండ్రి మాత్రం వెనుక తలుపునుంచి బయటికి జారుకొనేవాడు. తన పిల్లలకు తాను కొనలేనిది పరాయివాడు తన కళ్ల ముందే ఇస్తుంటే నిలబడలేక. పండుగలకు మురికివాడల్లో బట్టలు పంచి వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయించుకొనే మన సంఘాలవారు ఆ తండ్రిని ఒక్కసారి తలచుకొంటే బాగుండును.

మన వైపు ఏమీ లేదని అనుకోనక్కరలేదు. వివేకానందస్వామి 150వ జయంతి సందర్భంగా రామకృష్ణ మిషన్ చేపట్టిన గదాధర అభ్యుదయ ప్రకల్పం పేద బాలలకు తిండి, చదువు, ఆట, ఆరోగ్యం అన్నీ కలిపి అందించే పనే. విజయవాడలో రైలు దిగి దిక్కుతోచక తిరిగే పిల్లలకోసం 1989లో నవజీవన్ బాలభవన్‌ను నెలకొల్పింది సలేసియన్ క్రైస్తవ గురువులు. ఆ ఊళ్లో దుర్గమ్మ భక్తులం మనం లక్షలాదిగా ఉన్నాం. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కనే పెట్టడంలో నాకు ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదు. అన్ని ప్రాణుల యందూ ఉన్న తనను అలక్ష్యంచేసి ప్రతిమలో మాత్రమే పూజించేవాడు బూడిదలో హోమం చేసినవాడేనని భాగవతంలో కపిలమహర్షి రూపంలోని భగవంతుడే తల్లి దేవహూతికి చెప్పాడు. ఆ మాట మనకు చర్చివారెవరూ నేర్పలేదు.

కామ్‌డెన్ ఉన్న న్యూజెర్సీలోనే బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. రాబిన్స్‌విల్‌లో 2023లో ప్రారంభమైన అక్షరధామం ఉంది. తెలుగువారు లెక్కకు మిక్కిలిగా ఉన్న రాష్ట్రం అది. శనివారం తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి తెచ్చే అమ్మలు, పిల్లలకు శ్లోకాలు నేర్పే పెద్దలు, పదవీ విరమణ చేసి పొద్దుపోక కూర్చున్న గణితోపాధ్యాయులు అక్కడ కొదవ కాదు. ఏ ఆలయానికి ఆ ఆలయం ఆలోచించుకోవలసినవి కొన్ని చిన్న సంగతులే. సోమవారం నుంచి శుక్రవారం దాకా మూడు నుంచి ఆరు వరకు అన్నదానశాల చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది. పేదపేట దూరమైతే ఆ పేటలోనే బడివారినో గ్రంథాలయం వారినో అడిగి ఒక గది సంపాదించుకోవాలి. పిల్లలతో మెలిగే పెద్దల పూర్వాపరాలు చట్టప్రకారం విచారింపజేయాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. తిండిలో ఏమి పడదో ప్రతి తల్లినీ అడిగి రాసుకోవాలి. శ్లోకం నేర్పాలా వద్దా అన్న చర్చ సంఘ సమావేశంలో తప్పక వస్తుంది. ఆ పిల్లల ఇళ్లలో ఏసుప్రభువు పటం ఉంటుంది గనుక నేర్పవద్దని నా అభిప్రాయం, నివేదిత బడిని తలచుకొని చెబుతున్నాను. రెండేళ్లకు తక్కువ వచ్చేవారిని గురువులుగా పెట్టుకోరాదు. మంచు కురిసిన రోజున కూడా ఎవరో ఒకరు మూడింటికి గది తలుపు తీయాలి, కాబట్టి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మొదటి సమావేశంలోనే తేల్చుకోవాలి.